విమానం చదువూ, వంటింటి కాటా

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం పాఠం)



ఈ వేళ నేను మాట్లాడబోయేది విమానాల చదువు గురించి. "ఈవిడకీ విమానాలకీ ఏమిటి సంబంధం?" అని మీకనిపించవచ్చు. న్యాయమే. నేను పదో తరగతితో చదువాపి కాపురానికొచ్చినదాన్ని. కానీ మన పిల్లలు చదివే చదువు మనకు అర్థం కాదని తలుపవతలే నిలబడిపోతే, వాళ్ళకు మన అవసరం పడిన రోజున ఏం సాయం చెయ్యాలో మనకు తెలియదు. అందుకని తెలుసుకున్నంత చెబుతాను.

మన అమ్మాయి "విమానాల ఇంజనీరింగు" చదువుతోందని చెప్పి చూడండి, అందరూ రెండే ప్రశ్నలు వేస్తారు. "పైలట్ అవుతుందా?" అన్నది మొదటిది. "ఎయిర్ హోస్టెస్సా?" అన్నది రెండోది. మూడో మాట ఉండదు. నిజానికి ఈ ఇంటికి నాలుగు గుమ్మాలున్నాయి. ఏ గుమ్మంలోంచి వెళ్తున్నామో తెలియకుండా ఫీజు కట్టి తర్వాత విచారించే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు.

మొదటిది పైలట్ చదువు. దీనికి డిగ్రీ కంటె లైసెన్సు ముఖ్యం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు రావాలంటే 200 గంటలు విమానం నడపాలి, పరీక్షలు ప్యాసవాలి, వైద్య పరీక్షలో నెగ్గాలి. ఆడవాళ్ళు ఈ దారి పట్టటం నిన్న మొన్నటి సంగతి కాదు. 1947లో లైసెన్సు తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్‌గారికి, ఆడమనిషని మిగతా విమాన కంపెనీలు వెనకాడుతుంటే, ఉద్యోగమిచ్చింది మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. రెండోది విమానాలను తనిఖీ చేసి, మరమ్మతు చేసి, "ఇది ఎగరవచ్చు" అని సంతకం పెట్టేవారి చదువు. దానికీ లైసెన్సుంది. మూడోది విమానాశ్రయాల నిర్వహణ, టిక్కెట్లు, సరుకు రవాణా వంటి వ్యవహారాల డిగ్రీ. ఇక నాలుగోది, ఈ వేళ నేను చెప్పబోయేది, విమానాన్ని తయారుచెయ్యటానికి లెక్కలు కట్టే చదువు. బి.టెక్.లో ఏరోనాటికల్ అంటారు. అబ్దుల్ కలాంగారు మద్రాసులో చదివింది ఇదే. కల్పనా చావ్లా 1982లో చండీగఢ్‌లో పట్టా పుచ్చుకున్నదీ ఇందులోనే. 2021 జూలైలో అంతరిక్షం అంచుదాకా వెళ్ళొచ్చిన మన తెలుగింటి అమ్మాయి బండ్ల శిరీష అమెరికాలో చదివిందీ ఈ చదువే.

ఇక నా సంగతి. మా తోడికోడలి కూతురు నాలుగేళ్ళు మా ఇంట్లో ఉండి ఈ చదువు చదివింది. అక్కయ్యావాళ్ళది ఏలూరు. కాలేజీ హైదరాబాదులో. హాస్టలెందుకు, మన ఇల్లుండగా అన్నాం. అలా ఆ పిల్లతో పాటు ఆ పుస్తకాలూ, బాల్సా కర్ర ముక్కలూ, జిగురు వాసనా అన్నీ మా ఇంట్లో కాపురం పెట్టాయి.

మొదటి సంవత్సరం అందరికీ ఉండే లెక్కలూ, ఫిజిక్సూ, డ్రాయింగూ. రెండో ఏడు గాలీ నీరూ ఎలా ప్రవహిస్తాయి, లోహాలు ఎంత బరువుకు వంగుతాయి, ఎప్పుడు విరుగుతాయి అన్నవి. మూడో ఏడు రెక్కలూ, ఇంజన్లూ. ఒకరోజు పప్పు రుబ్బుతూ, "అంత ఇనుము గాల్లో ఎలా నిలుస్తుందే?" అని అడిగాను. "పిన్నీ, బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కాస్త ఏటవాలుగా పట్టుకుంటే చెయ్యి పైకి లేస్తుంది కదా, అదే. రెక్క గాలిని కిందికి తోస్తుంది, గాలి రెక్కను పైకి తోస్తుంది. అదే చేతిని మరీ నిలువుగా తిప్పావనుకో, లేవటం పోయి వెనక్కి తోసేస్తుంది. రెక్కకూ అంతే. దాన్ని స్టాల్ అంటారు. వేగం మరీ తగ్గినా అదే జరుగుతుంది" అంది. పిల్లలు కిటికీలోంచి చెయ్యి పెడితే కోప్పడటమే తెలుసు గానీ, అందులో ఇంత శాస్త్రం ఉందని నాకేం తెలుసు!

రెక్కల ఆకారాలకు పేర్లు కూడా మన చీరల నంబర్లలాగే ఉంటాయి. నాకా 2412 అని ఒకటి. మొదటి 2 అంటే రెక్క వంపు, రెక్క వెడల్పులో నూటికి రెండు వంతులు. 4 అంటే ఆ వంపు ముందు అంచు నుంచి నూటికి నలభై వంతుల దూరంలో ఎక్కువగా ఉంటుందని. 12 అంటే మందం నూటికి పన్నెండు వంతులు. తెలిసిన తర్వాత ఎంత సులువుగా ఉందో చూడండి.

అసలు పరీక్ష నాలుగో ఏడు. దాన్నే ఫైనల్ ప్రాజెక్టు అంటారు. నలుగురు పిల్లలు ఒక జట్టు. వాళ్ళకొక గైడు. మధ్యమధ్య రెవ్యూలు. చివర రిపోర్టు వ్రాసి, బయటి నుంచి వచ్చే పరీక్షకుడి ముందు నిలబడి జవాబులు చెప్పాలి. అప్పటిదాకా పుస్తకంలో ఉన్న లెక్కకు పుస్తకం వెనకాల జవాబుంటుంది. ప్రాజెక్టుకు వెనక పేజీ ఉండదు. అక్కడే చాలామంది పిల్లలు బెంబేలు పడతారు.

మా అమ్మాయి జట్టులో ఇద్దరాడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. వాళ్ళు ఎంచుకున్నది, రోడ్డు సరిగ్గా లేని ఊళ్ళకు 300 గ్రాముల మందుల పెట్టెను మోసుకెళ్ళే చిన్న విమానం. మనిషి ఉండడు, రిమోట్‌తో నడుస్తుంది. రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు మీటరున్నర, వెడల్పు పాతిక సెంటీమీటర్లు. మందులతో సహా మొత్తం బరువు 1,600 గ్రాములు దాటకూడదని కాగితం మీద లెక్క. ఆ బరువుకు గంటకు 27 కిలోమీటర్ల వేగం ఉంటే చాలు, గాల్లో నిలుస్తుంది. పన్నెండు నిమిషాలు ఎగరాలి. మందుల పెట్టె బదులు ప్రయత్నానికి మా ఇంటి కందిపప్పు పొట్లం కట్టారు.

ఎక్కడ పడితే అక్కడ ఎగరెయ్యటానికి వీల్లేదు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఆకాశాన్ని పచ్చ, పసుపు, ఎరుపు అని మండలాలుగా విడదీశారు. గైడుగారు పచ్చ మండలంలో ఉన్న ఒక మైదానం చూపించారు. ఫిబ్రవరి చివరి ఆదివారం పొద్దున్నే వెళ్ళారు. విమానం లేచింది. ముక్కు పైకెత్తింది, ఇంకా ఎత్తింది, గాల్లో ఒక్క క్షణం ఆగి బొమ్మలా కింద పడింది. ఆరు సెకన్లు! ఒక రెక్క విరిగిపోయింది. వైవాకు ఇంకా మూడు వారాలు.

ఆ రాత్రి ఇంట్లో రెండు మాటలు వచ్చాయి. జట్టులో ఒకబ్బాయి ఫోను చేసి, తయారుగా ఉన్న ప్రాజెక్టులు అమ్మేవాళ్ళున్నారనీ, ఇరవై వేలిస్తే మోడలూ రిపోర్టూ రెండూ చేతిలో పెడతారనీ, తలకు ఐదు వేలు వేసుకుందామనీ అన్నాడు. ఈ వ్యాపారం మీరూ వినే ఉంటారు. రెండో మాట మా బావగారిది. ఏలూరులో ఒక సంబంధం వచ్చి ఉంది. వాళ్ళు ఏప్రిల్‌లోనే ముహూర్తం అంటున్నారు. "ఐదు వేలే కదమ్మా, పంపిస్తాను. పట్టా చేతికొస్తే చాలు. అది విమానాలు కట్టేది లేదు, మనం ఎక్కేది లేదు. దానికి కాస్త నచ్చజెప్పు" అన్నారు నాతో.

బావగారి మాట తోసెయ్యదగ్గది కాదు. నాలుగేళ్ళు ఫీజులు కట్టింది ఆయన. అటు పరీక్ష తప్పితే ఆ డబ్బూ, ఒక ఏడాదీ పోతాయి. ఇటు సంబంధమూ పోతుంది. ఆయన భయం ఆయనది. అయినా, "బావగారూ, అమ్మాయినీ ఒకమాట అడుగుదామండీ" అన్నాను.

అది ఏడవలేదు. ఒకే ఒక మాటంది. "పిన్నీ, కొన్న విమానం ఎందుకెగురుతుందో నేను చెప్పలేను. నా విమానం ఎందుకు పడిందో కూడా ఇంకా తెలియదు. రెండూ తెలియకుండా ఇంజనీర్నని ఎలా చెప్పుకోను?"

అప్పుడే దాని పుస్తకాల్లో నేను చదివించుకున్న ఒక సంగతి గుర్తుకొచ్చింది. 1983 జూలై 23న కెనడాలో ఒక పెద్ద విమానం 41 వేల అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయి ఇంజన్లు ఆగిపోయాయి. ఎందుకంటారా? ఇంధనం నింపేటప్పుడు కిలోల్లో కట్టవలసిన లెక్కను పౌన్లలో కట్టారు. కావలసినదానిలో సగం కూడా లేదు. పైలట్లు గాలిపటంలా తేలుస్తూ తెచ్చి, గిమ్లీ అనే ఊరి పాత రన్‌వే మీద దించారు. అందులో 69 మంది ఉన్నారు, అందరూ బతికారు. వాళ్ళ అదృష్టం, పైలట్ల నేర్పు. కానీ కాగితం మీద ఒక అంకె తప్పితే ఏమవుతుందో ఈ చదువులో అంత బాగా చెప్పే పాఠం మరొకటి లేదు. కొన్న ప్రాజెక్టుతో పట్టా తెచ్చుకున్నవాళ్ళు రేపు ఎవరి విమానానికి లెక్క కడతారు? మనం ఎక్కేది కాకపోయినా ఎవరి బిడ్డలో ఎక్కుతారు కదా!

మా అక్కయ్య ఫోనులో, "నువ్వు దగ్గరున్నావు, నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి. ముహూర్తం సంగతి నేను చూసుకుంటాను" అంది. ఆ ఒక్క మాట అనటానికి ఆవిడ ఏలూరులో ఎన్ని మాటలు పడి ఉంటుందో నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్న పిల్ల వంటింట్లోకొచ్చి, "పిన్నీ, నీ కాటా ఇస్తావా?" అంది. పిండివంటలకు నేను వాడే చిన్న డిజిటల్ కాటా. విరిగిన విమానాన్ని ముక్కముక్కగా తూచింది. 1,600 ఉండవలసింది 2,000 గ్రాములుంది! "ఈ నాలుగొందలూ ఎక్కణ్ణించి వచ్చాయే?" అంటే తెల్లబోయింది. నేను ఇంటి ఖర్చు వ్రాసుకునే పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. నెలాఖరుకు డబ్బు చాలనప్పుడు మనమేం చేస్తాం? బియ్యం, పాలు, అద్దె కాదు, చిల్లర పద్దు చూస్తాం. "పెద్దవి కాదే, చిల్లర వ్రాయి" అన్నాను. వ్రాసింది. జిగురు 90 గ్రాములు. రెక్క అడుగున గట్టిదనానికి అంటించిన ఫైబర్ పట్టీలు 110. ఇంకాస్త ఎక్కువసేపు ఎగురుతుందని ఆఖర్న మార్చిన పెద్ద బ్యాటరీ 120 ఎక్కువ. చక్రాలూ, మరలూ 80. సరిగ్గా 400. ఏ ఒక్కటీ పెద్దది కాదు, అన్నీ "ఇదెంతలే" అనుకున్నవే.

బరువు పావు వంతు పెరిగితే గాల్లో నిలవటానికి కావలసిన వేగం 27 నుంచి 30 కిలోమీటర్లకు పోయింది. అదొక్కటే అయితే ఎగిరేదేనట. ముక్కు ఎత్తటానికి కారణం వేరే. పెద్ద బ్యాటరీ ముక్కులో పట్టక నడుము దగ్గర పెట్టారు. తోక దగ్గర జిగురు పూసింది 20 గ్రాములు. ఇరవై గ్రాములు ఏపాటి అంటారా? కావడి గుర్తు తెచ్చుకోండి. భుజానికి దగ్గరున్న బరువు కంటె దూరంగా ఉన్న బరువు ఎక్కువ లాగుతుంది. తోక 70 సెంటీమీటర్ల వెనకుంది, ముక్కులో బరువు పెట్టే చోటు 20 సెంటీమీటర్ల ముందుంది. తోకలో ఇరవైని సరితూచటానికి ముక్కులో డెబ్భై గ్రాములు కావాలి! తోక బరువైతే ముక్కు పైకి లేస్తుంది, వేగం తగ్గుతుంది, స్టాల్ అవుతుంది, పడుతుంది. ఆరు సెకన్లలో జరిగింది అదే.

కారణం తెలిసేసరికి పిల్ల ముఖంలోకి కళ వచ్చింది. ఆ సాయంత్రం మిగతా ముగ్గురినీ మా ఇంటికి పిలిచి ఆ పద్దు చూపించింది. కొందామన్న అబ్బాయే, "అయితే రెక్క నేను చేస్తాను" అన్నాడు. మా హాల్లో సోఫాలు గోడకు జరిపాం. పదిహేను రోజులు మా వారు పేపరు వరండాలో చదువుకున్నారు. చిన్న బ్యాటరీ పెట్టి ముక్కు చివరికంటా జరిపారు. చక్రాలు తీసేసి చేత్తో విసిరి ఎగరెయ్యటం, గడ్డి మీద పొట్టతో దించటం అనుకున్నారు. బరువు 1,800కు వచ్చింది. అంతకంటె తగ్గలేదు.

ఆ రోజుల్లోనే నేను వాళ్ళకు కలాంగారి కథ చెప్పాను. ఆయన తన ఆత్మకథలోనే వ్రాసుకున్నారు. మద్రాసులో చివరి ఏడు ఆయనకూ నలుగురు స్నేహితులకూ ఒక యుద్ధవిమానం నమూనా గీసే పని ఇచ్చారు. పని సరిగ్గా సాగటం లేదని ప్రొఫెసరుగారు కోప్పడ్డారు. నెలరోజులు గడువడిగితే మూడు రోజులిచ్చారు, కాకపోతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుందన్నారు. ఆయన అన్నం మానేసి డ్రాయింగు బోర్డు ముందు కూర్చుని పూర్తి చేశారు. ఆ చదువులో చేరటానికి ఫీజు కట్టింది ఎవరనుకున్నారు? ఆయన అక్కగారు జొహరా, తన బంగారు గాజులూ గొలుసూ తాకట్టు పెట్టి. విమానాల కథల్లో ఇలాంటి ఆడవాళ్ళు కనిపించకుండా చాలామంది ఉన్నారు. 1900లో రైట్ సోదరులు కిట్టీహాక్‌లో మొదటి గ్లైడరుకు బట్ట కుట్టుకున్నది అక్కడి టేట్‌గారి భార్య కుట్టు మిషను మీద. వాళ్ళు వెళ్ళిపోయాక వదిలేసిన గ్లైడరు బట్ట విప్పి, ఆ ఇల్లాలు తన ఆడపిల్లలకు గౌన్లు కుట్టింది. మరుసటి ఏడాది పుస్తకాల్లోని పాత లెక్కలు తమ అనుభవానికి సరిపోవటం లేదని గ్రహించి, ఆ అన్నదమ్ములు స్వయంగా చిన్న గాలి సొరంగం చేసుకుని, రెండొందల రకాల రెక్కలను తూచి చూశారు. 1903లో ఎగిరారు. తూచినవాళ్ళదే విమానం!

మా పిల్లల విమానం మార్చి మూడో వారంలో ఎగిరింది. పన్నెండు నిమిషాలు కాదు, ఏడు నిమిషాలు. కందిపప్పు పొట్లం చెక్కుచెదరలేదు. దిగేటప్పుడు ప్రొపెల్లరు విరిగింది. రిపోర్టులో ఏమని వ్రాయాలన్న చర్చ వచ్చింది. పన్నెండని వ్రాస్తే అడిగేవాళ్ళు లేరు. మా అమ్మాయి ఏడు అనే వ్రాసింది. పక్కనే ఆ 400 గ్రాముల చిల్లర పద్దు ఒక పట్టికగా వేసింది. మొదటి విమానం పడిన ఆరు సెకన్లకు ఒక పేజీ కేటాయించింది.

వైవాలో బయటి పరీక్షకుడు ముప్పావుగంట అడిగారట. అందులో సగం ఆ పట్టిక మీదే. మొదటి బహుమతి వేరే జట్టుకు వచ్చింది. వీళ్ళకు మంచి మార్కులే వచ్చాయి, అంతే. ఏలూరు సంబంధం తప్పిపోయింది. వాళ్ళు ఆగలేదు. మా బావగారికి ఆ కినుక ఇంకా పూర్తిగా పోలేదు. పిల్లకు బెంగుళూరులో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. విమాన భాగాల బరువులు లెక్కకట్టే విభాగంలో వేశారు. అలాంటి విభాగం ఒకటుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అందరికీ ఇలా జరుగుతుందని చెప్పను. ఈ చదువుకు సాఫ్ట్‌వేరుకున్నన్ని ఉద్యోగాలు లేవు. బెంగుళూరులో హెచ్.ఏ.ఎల్. వంటి సంస్థలున్నాయి. మన హైదరాబాదు పక్కన ఆదిభట్లలో 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల భాగాలు తయారవుతున్నాయి. అయినా చాలామంది పిల్లలు చివరకు కంప్యూటర్లవైపు వెళ్తారు. చేర్చే ముందే ఆ సంగతి తెలిసి చేర్చాలి.

కాబట్టి సోదరీమణులారా, మీ ఇంట్లో పిల్ల ఈ దారి పడతానంటే నాలుగు విషయాలు చూసుకోండి. ఒకటి, నాలుగు గుమ్మాల్లో ఏదో అడిగి తెలుసుకోండి. ఇంజనీరింగైతే ఏ.ఐ.సి.టి.ఇ. ఆమోదం, పైలట్ లేదా మెయింటెనెన్స్ చదువైతే డి.జి.సి.ఏ. ఆమోదం ఉందో లేదో కాగితం చూడండి. రెండు, పైలట్ చదువుకైతే లక్షలు కట్టే ముందు వైద్య పరీక్ష చేయించండి. చేరిన తర్వాత తేలితే ఆ డబ్బు వెనక్కి రాదు. మూడు, ఆఖరు ఆర్నెల్లూ పెళ్ళిచూపులూ, ప్రయాణాలూ పెట్టుకోకండి. ఆ ఆర్నెల్లూ పిల్లకు ఇంట్లో ఒక బల్లా, కాస్త చోటూ ఇవ్వండి. నాలుగు, ప్రాజెక్టు కొంటామంటే ఒప్పుకోకండి. సరిగ్గా రాకపోయినా తనదే తీసుకెళ్ళమనండి.

"మాకేం తెలుసు?" అనుకోకండి. కొలతలో చెయ్యి తిరిగినవాళ్ళం మనం. చిటికెడు, గుప్పెడు, గిద్దెడు, సోలెడు అని రోజుకు ఎన్నిసార్లు కొలుస్తామో! పద్దు వ్రాయటం, చిల్లర ఎక్కడ కారిపోతోందో పట్టుకోవటం మనకు నేర్పనక్కర్లేదు. పెద్ద పెద్ద విమానాలకు కావలసిందీ అదేనట. పిల్లలు "అమ్మా, ఇది నీకు అర్థం కాదులే" అన్నప్పుడు, "అర్థమయ్యేట్టు చెప్పు, వింటాను" అనండి. చెప్పటంలో వాళ్ళకు అర్థమవుతుంది, వినటంలో మనకు అర్థమవుతుంది.